సెట్టింగు గుడి

బండరేవుపాలెంలో పోతురాజు నోటికి జడవనివి రెండే రెండు. ఒకటి అతని పెళ్ళాం తాతమ్మ, రెండోది సముద్రం. తాతమ్మ పోయాక సముద్రం ఒక్కటే మిగిలింది. ఊరంతా మాత్రం అతని మాట వినలేక, వినకుండా ఉండలేక, పొద్దెక్కేసరికి వలల పాకలో అతని చుట్టూ చేరేది. భోగాపురం ఎయిర్‌పోర్టుకి ఎవరి పొలాలు పోతాయన్న కబురుతో మొదలెట్టినా, చీపురుపల్లి సంతలో ఎండుచేప ధరతో మొదలెట్టినా, చివరికి సినిమా దగ్గరికే తెచ్చేవాడు మహానుభావుడు. డైరెక్టరు ఉమాశంకర్ గొప్పవాడని ఎవరి నోటైనా వచ్చిందా, ఇక అయిపోయిందే. చేతిలో వల పక్కన పడేసి ఒంటికాలి మీద లేచేవాడు.

"అంత సీను నేదురా ఆడికి."

ఆ మాట ఐదేళ్ళు అన్నాడు. వినీ వినీ ఊళ్ళో వాళ్ళు నవ్వడం కూడా మానేశారు.

ఆ ఉమాశంకర్ ఎవరో, పోతురాజుకి ఆయనతో ఏం పేచీయో చెప్పాలంటే ముందు గుడి సంగతి చెప్పాలి. బండరేవుపాలెం ఒడ్డున బంగారమ్మ తల్లి గుడి ఒకటుంది. గుడంటే పెద్దగా ఊహించుకోకండి. మనిషి వంగితే గానీ దూరలేని చిన్న గది, ఒకవైపు కరెంటు స్తంభం, ఇంకోవైపు సెల్ టవరు. కానీ సముద్రం మీద వేటకు వెళ్ళి తిరిగొచ్చే వాడికి ఆ గదే ప్రాణం. అక్కడ ఒడ్డుకి దగ్గర్లో నీళ్ళ కింద ఏనుగుబండ అని పెద్ద రాతి గుట్ట ఉంది. పైకి ఏమీ కనపడదు, అల విరిగినప్పుడు కాస్త నురుగు తప్ప. దానికి ఉత్తరంగా బోటు పట్టేంత దారి. దూరాన పడమటి కొండకి మధ్యలో ఒక నొక్కు ఉంటుంది. ఆ నొక్కు సరిగ్గా గుడి తెల్లగోడ నెత్తి మీదికి వచ్చిందంటే బోటు దారిలో ఉన్నట్టు. మబ్బు పట్టి కొండ కనపడని రోజున గోడ తెలుపు ఒక్కటే గురి. అందుకే ఏటా వేట నిషేధం ముగిసి బోట్లు మొదటిసారి నీళ్ళలో దిగే ముందు, సముద్రం వైపున్న ఆ ఒక్క గోడకి గుల్లసున్నం కొడతారు. మిగతా మూడు గోడలూ పాచి పట్టిపోయినా ఎవడూ పట్టించుకోడు. ఆ సున్నం కొట్టే హక్కు పోతురాజు ఇంటివాళ్ళది. అతని తాత కొట్టాడు, తండ్రి కొట్టాడు, ముప్ఫై ఏళ్ళుగా ఇతను కొడుతున్నాడు.

పోతురాజు పదమూడో ఏట తండ్రి వెంట సముద్రం మీదికి వెళ్ళాడు. ఇరవయ్యో ఏటికి చుక్కాని పట్టాడు. యాభై మూడో ఏట కుడి భుజం పట్టేసి ఒడ్డుకి పరిమితమయ్యాడు. అంతకాలంలో అతని చేతి కింద ఒక్క బోటు కూడా బండకి తగల్లేదు. ఆ సంగతి అతనే చెప్పుకునేవాడు, అడిగినా అడక్కపోయినా.

రెండువేల పదకొండు చలికాలంలో హైదరాబాదు నుంచి ఉమాశంకర్ సినిమా తీయడానికి వచ్చాడు. మనిషి మంచివాడే. చెప్పులు విప్పి ఇసకలో నడిచేవాడు, అందరినీ గారూ అని పిలిచేవాడు, తాతమ్మ పెట్టిన నెత్తళ్ళ పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. పోతురాజు గోడకి సున్నం కొడుతుంటే చూసి మైమరచిపోయాడు. రెండు రోజుల పాటు అతని చేత కొట్టించిందే కొట్టించి కెమెరాలో పట్టాడు. తర్వాత ఏమనుకున్నాడో, స్తంభమూ టవరూ అడ్డొస్తున్నాయని, ఎనభై అడుగులు దక్షిణంగా ఇసక దిబ్బ మీద చెక్కలతో, ప్లాస్టరుతో పెద్ద గుడి కట్టించాడు. తెల్లగా, ఎత్తుగా, చూడముచ్చటగా ఉండేది. ఊళ్ళో వాళ్ళు దాన్ని సెట్టింగు గుడి అన్నారు. షూటింగువాళ్ళు వెళ్ళగానే పాత చుక్కాని వాళ్ళు దాని సముద్రం వైపు గోడకి తారు పూసేశారు, బోట్లకి గురి తప్పకుండా. సినిమాలో హీరో తల్లి ఆ గుడికి సున్నం కొట్టి, గోడకానుకుని, రాని కొడుకు కోసం చూస్తూ నిలబడుతుంది. పాటా లేదు, మాటా లేదు, ఒట్టి సముద్రం చప్పుడు.

సినిమా విజయనగరంలో ఆడిన మొదటి రోజు ఊరు ఊరంతా ఆటోలెక్కి వెళ్ళింది. పోతురాజు గంజి పెట్టిన చొక్కా తొడిగాడు. దారిపొడుగునా తన సీను ఎప్పుడొస్తుందో అందరికీ చెప్పాడు. ఇంటర్వెల్ అయింది, రాలేదు. తర్వాత వస్తుందిలే అన్నాడు. సినిమా అయిపోయింది. తెర మీద పేర్లు పడుతున్నంతసేపూ లేవకుండా కూర్చున్నాడు, అక్కడైనా వస్తుందేమోనని. హాలు ఊడ్చేవాడొచ్చి లేపాడు. బయటికొచ్చాక తాతమ్మ అతని భుజం మీద చెయ్యేసి, జాతర సీనులో నీ సెయ్యి కనబడ్డాది, నాను సూసినాను అంది. అబద్ధం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆ సినిమాకి ఢిల్లీలో పెద్ద అవార్డు వచ్చింది. పేపర్లు ఉమాశంకర్‌ని ఆకాశానికెత్తేశాయి. పోతురాజు విమర్శ కూడా అప్పుడే మొదలైంది.

చీపురుపల్లి డిగ్రీ కాలేజీలో త్రినాథ్ మాస్టారని ఒకాయన ఉన్నాడు. సినిమాల పిచ్చి. ఏటా విద్యార్థుల్ని వెంటేసుకుని సెట్టింగు గుడి చూపించడానికి వచ్చేవాడు. వచ్చినవాళ్ళు వలల పాకలో కూర్చుని ఉమాశంకర్ నిజంగా అంత గొప్పవాడా, లేక అవార్డులొచ్చి గొప్పవాడయ్యాడా అని వాదించుకునేవారు. మాస్టారిది రెండో పక్షం. నత్తనడక సినిమా, పేదరికాన్ని ముస్తాబు చేసి చూపించాడు, పట్నంవాళ్ళు చూసి ఆహా అనుకోవడానికి తీశాడు అనేవాడు. పోతురాజుకి ఆ మాటలు సగం అర్థమయ్యేవి, సగం కావు. అతని మాట వేరే.

"అన్నీ సూసినాడు మాస్టారూ. ఎందుకో అడగనేదు. గోడ తెల్లగుందని తీసినాడు గానీ ఎందుకు తెల్లగుందో అడగనేదు. అడగనోడు గొప్పోడెలగవుతాడు?"

మాస్టారు ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. నలుగురిలో చెప్పి మెప్పు పొందాడు కూడా. ఊళ్ళో మాత్రం దానికి విలువ లేదు. సీను తీసేశారని ముసలాడి ఏడుపు అనేవారు. కులపెద్ద గంగరాజైతే మొహం మీదే అన్నాడు, నీ మొహం తెర మీద పడుంటే ఈపాటికి ఉమాశంకర్ ఫొటోకి దండేసేవాడివని. పోతురాజు బూతులు తిట్టాడు. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. వల అల్లుతూ అల్లుతూ ఒక్కోసారి ఆగిపోయి, నిజమేనేమో అనుకునేవాడు. అలా అనుకోవడం అతనికి సహించేది కాదు.

అసలు ఎదురు వాదన ఇంట్లోనే ఉంది. రెండువేల పద్నాలుగులో కూతురు ఉషకి శ్రీకాకుళం వైపు రేవు నుంచి ధనరాజు అనే కుర్రవాణ్ణి తెచ్చి పెళ్ళి చేసి ఇల్లరికం ఉంచుకున్నాడు. నెమ్మదైనవాడు, పనిమంతుడు. కానీ ఉమాశంకర్ సినిమా పదకొండుసార్లు చూశాడు! పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు పిల్లకన్నా ముందు సెట్టింగు గుడి చూస్తానన్నాడని ఉష ఎప్పుడూ దెప్పేది. మామ సినిమాని తిడుతున్నప్పుడు ధనరాజు వింటూ ఊరుకునేవాడు. ఒక్కసారి మాత్రం అన్నం ముందు కూర్చుని మాట్లాడాడు.

"మా అమ్మ అలగే నిలబడేది మావా, గోడకానుకుని. మా అయ్య రానేదు. ఆ డైరెట్రు మా ఇంటికి రానేదు, మా అమ్మని సూడనేదు. అయినా తీసినాడు. అది గొప్ప గాదేటి?"

పోతురాజు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. మర్నాటి నుంచి అల్లుడి ఎదుట సినిమా ఊసు తేవడం తగ్గించాడు. అల్లుడంటే అంత ఇష్టం అతనికి. బయటికి చెప్పడు గానీ కొడుకు లేని లోటు ధనరాజుతో తీరిందనుకునేవాడు. దగ్గరుండి ఈ రేవు కిటుకులన్నీ నేర్పాడు. కొండ కనబడితే నొక్కు చూసుకో, కనబడకపోతే తెలుపు చూసుకో, ఈ ఒడ్డున నా చేత్తో సున్నం కొట్టిన గోడ ఒక్కటే ఉంటుంది, కళ్ళు మూసుకుని దాని మీదికి వచ్చెయ్ అని వందసార్లు చెప్పాడు. ధనరాజు వందసార్లూ తలూపాడు.

పెళ్ళయిన ఏడే హుద్‌హుద్ తుఫాను వచ్చి సెట్టింగు గుడిని లేపుకుపోయింది. పోతురాజు పైకి అనలేదు గానీ సంతోషించాడు. ఆ మరుసటి ఏడు తాతమ్మ పోయింది. ఆ పై ఏడు ఊళ్ళో కుర్రాళ్ళంతా కూడి, సినిమా వల్లే మన ఊరికి పేరొచ్చింది, ఆ గుడిని సిమెంటుతో మళ్ళీ కడదాం అన్నారు. గంగరాజు సరేనన్నాడు. అప్పుడు పోతురాజు ఊరి మధ్యన నిలబడి గొడవ పెట్టుకున్నాడు. కట్టుకోండి, ఏ రంగైనా వేసుకోండి, తెలుపు మాత్రం వద్దు అన్నాడు. ఒడ్డున రెండు తెలుపులుంటే మబ్బులో వచ్చేవాడు దేని మీదికి రావాలని అడిగాడు. అక్కడ మాత్రం పాత చుక్కాని వాళ్ళంతా అతని పక్కన నిలబడ్డారు. చివరికి గుడికి పసుపూ ఎరుపూ ఎనామిల్ పూశారు. పోతురాజు తన జీవితంలో గెలిచిన పెద్ద తగువు అది. ఆ గెలుపు ఏడాది కూడా నిలవలేదు, అతని చేతుల్లోనే పోయింది.

రెండువేల పదిహేడు జూన్‌లో కబురొచ్చింది. సినిమాకి ఐదేళ్ళు నిండాయట. ఆ ఊరి మీద ఉమాశంకర్ చిన్న డాక్యుమెంటరీ తీస్తాడట. నిషేధం ముగిసి బోట్లు నీళ్ళలో దిగే పదిహేనో తారీఖునే వస్తాడట, సాయంత్రం ఊరి సన్మానం కూడా అందుకుంటాడట. ముందురోజు పోతురాజు ఎప్పటిలా సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కుంచె సిద్ధం చేసుకున్నాడు. అంతలో గంగరాజు వచ్చి, పాత గోడ ఇవాళ కొట్టొద్దు, రేపు డైరెక్టరు కెమెరాకి ఏం కావాలో చూసి అప్పుడు కొడుదువు గాని, ఒక్క పూటేగా అన్నాడు. ఇంకో రోజైతే పోతురాజు ఆ సున్నం బకెట్టు గంగరాజు నెత్తి మీద కుమ్మరించి ఉండును. ఆ రోజు ఎందుకో కుమ్మరించలేదు. డైరెక్టరు వస్తున్నాడన్న మాట అతని ఒంట్లో ఎక్కడో చల్లగా దిగింది. ఐదేళ్ళుగా ఆ మనిషి మొహాన అనాలనుకున్న మాట ఒకటుంది. ఆ మాట అనే రోజు వచ్చింది. సరే, రేపే కొడతాను అన్నాడు.

ఆ సాయంత్రం ధనరాజు వలలు సర్దుకుంటూ, మావా, సున్నం అయిందా అని అడిగాడు.

"అవుతాది. నువ్వెల్లు."

ఇద్దరి మధ్యా ఆఖరి మాట అదే. తెల్లారకముందే నాలుగు బోట్లు సముద్రం మీదికి వెళ్ళిపోయాయి.

ఏడు గంటలకి ఉమాశంకర్ వచ్చాడు. జుట్టు నెరిసింది, గారూ అనే అలవాటు మాత్రం పోలేదు. వెనక కెమెరా మనిషి, చెవులకి గొట్టాలు తగిలించుకున్న సౌండు మనిషి, త్రినాథ్ మాస్టారూ, ఆయన విద్యార్థులూ. పోతురాజు గుడి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నోట్లో మాట సిద్ధంగా ఉంది. నువ్వు అన్నీ సూసినావు బాబూ, ఎందుకో అడగనేదు. అంతే. అది చెప్పేసి లేచి వెళ్ళిపోవాలి.

ఉమాశంకర్ నేరుగా వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "పోతురాజు గారూ, మీ సీను తీసేయడం నేను చేసిన తప్పు. ఐదేళ్ళుగా మనసులో ఉంది. ఇవాళ మళ్ళీ తీద్దాం. ఈసారి కత్తిరించను, మాట ఇస్తున్నాను."

ఏం చెప్పమంటారు! అరవై ఏళ్ళ మనిషి, ఊరందరినీ నోటితో ఉతికి ఆరేసిన మనిషి, ఆ మాటకి చిన్నపిల్లాడిలా కరిగిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిద్ధంగా ఉన్న మాట ఎటు పోయిందో పోయింది. ఏ గోడకి బాబూ అని మాత్రం అడిగాడు. ఉమాశంకర్ దక్షిణంగా చెయ్యి చూపించాడు. సినిమాలోలాగే ఉండాలి, ఆ పసుపు గోడ తెల్లగా అయిపోతుంటే తీస్తాను అన్నాడు.

పోతురాజు పడమర తిరిగి కొండ చూశాడు. ఎండలో కొండ స్పష్టంగా ఉంది, నొక్కు చెక్కినట్టు కనబడుతోంది. కొండ ఉండగా గోడతో పనేముంది అనుకున్నాడు. ఒక్క పూట. మధ్యాహ్నం కడిగేస్తాను. పాత గోడకి రెండు పూతలు కొడతాను. ఇన్ని లెక్కలూ వేసుకున్నాడంటేనే తప్పని తెలుసన్నమాట.

కుంచె ముంచాడు. అప్పుడు జరిగింది అసలు సంగతి. కెమెరా నడుస్తుండగా ఉమాశంకర్ పక్కన నిలబడి, మెల్లగా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పోతురాజు గారూ, అసలు ఈ సున్నం ఎందుకు కొడతారు?"

అడిగాడు! ఐదేళ్ళ తర్వాత అడగనే అడిగాడు. కుంచె గోడ మీదే ఆగిపోయింది. నిజం చెప్పడానికి నాలుగు మాటలు చాలు. చెబితే ఈ మంచి మనిషి అయ్యయ్యో అని కెమెరా ఆపిస్తాడు. పాత గోడ దగ్గరికి వెళ్దాం అంటాడు. అక్కడ స్తంభం, అక్కడ టవరు. అక్కడ తీసిన సీనే కదా ఒకసారి పోయింది. ఇదంతా పోతురాజు మనసులో ఒక్క లిప్తలో తిరిగింది. అతను నోరు తెరిచి, కెమెరా వైపు చూడకూడదని చెప్పారు గనక గోడ వైపే చూస్తూ చెప్పాడు.

"మొక్కు బాబూ. అమ్మోరికి మొక్కు."

అద్భుతం అన్నాడు ఉమాశంకర్. ఆ మాటలు వినబడనంత దూరాన నిలబడ్డ త్రినాథ్ మాస్టారు గొంతు పెంచి, ఏం పోతురాజూ, అంత సీను లేదన్నావుగా అని ఆటపట్టించాడు. పోతురాజు నవ్వాడు. భుజం నొప్పి కూడా తెలియలేదు. రెండు పూతలు కొట్టాడు. చూసిన ఒకరిద్దరు పాత చుక్కాని వాళ్ళు కూడా, కొండ కనబడుతోందిగా, ఒక్క పూటేగా అనుకున్నారు.

గుల్లసున్నం తెలుపు తడిమీద తేలదు. కొట్టినప్పుడు పసుపు లోంచి కనబడుతూ వెలవెలబోతూ ఉంది. ఎండకి ఆరేకొద్దీ తెల్లబడుతుంది. పోతురాజుకి ఆ సంగతి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. అయినా టీ తాగుతూ ఇసకలో కూర్చుని, ఆ గోడ గంట గంటకీ తెల్లబడడం చూస్తూ, మాటిమాటికీ సముద్రం వైపు తల తిప్పుతున్నాడు. పాత గుడి అటు పక్కన నల్లగా, పాచి పట్టి, ఏడాది వానలకి మాసి ఉంది. కడిగేద్దామా అని లేచాడు. ఇంకో గంట ఉంచండి, బోట్లు వచ్చేటప్పుడు వెనక ఈ తెలుపు కావాలి అన్నారు కెమెరావాళ్ళు. కూర్చున్నాడు.

పదకొండింటికి మూడు బోట్లు వచ్చేశాయి. ధనరాజు బోటు రాలేదు. వల బరువెక్కిందని, లాగుతున్నారని వచ్చినవాళ్ళు చెప్పారు. అంతలో గాలి ఆగిపోయింది. ఒడ్డున ఆరేసిన చేపల మీద ఈగలు ఒక్కసారిగా లేచాయి. పోతురాజు పడమర తిరిగి చూసేసరికి కొండ లేదు. కొండ ఉండాల్సిన చోట నల్లటి వాన తెర దిగి ఉంది, అది ఊరి వైపే వస్తోంది.

ఉష పరుగెత్తుకొచ్చింది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు అంది. పాలిథిన్ సంచిలో చుట్టి దాచుకున్న ఫోను ఇంజను హోరులో ఎవరికి వినబడుతుంది? దూరాన బోటు చుక్కలా కనబడింది. పోతురాజు గుడి వెనక మురుగు కాలవలో దిగి రెండు చేతులా బురద ఎత్తి గోడకేసి కొట్టాడు. ఆరిన సున్నం మీద బురద నిలవలేదు, జారిపోయింది. మళ్ళీ కొట్టాడు. చేతులతో, మోచేతులతో రుద్దాడు. మూడు అడుగుల ఎత్తు నల్లబడేసరికి ఊపిరి అందలేదు. పైన గోడంతా తెల్లగా, మబ్బు చీకట్లో ఇంకా తెల్లగా ఉంది. ఉష ఏటైంది నానా అని అరుస్తూనే తనూ బురద ఎత్తింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఆపకు అని ఉమాశంకర్ మెల్లగా అనడం పోతురాజుకి వినబడింది.

వాన మొదలైంది. పోతురాజు బురద వదిలేసి పాత గుడి దగ్గరికి పరుగెత్తి, తువ్వాలు విప్పి ఊపాడు. ఆ వానలో మాసిన తువ్వాలు ఎవరికి కనబడుతుంది! అల మీద బోటు లేచింది. ఇంజను దగ్గర ధనరాజు నిలబడి ఉన్నాడు. తూలడం లేదు, తడబడడం లేదు. మామ నేర్పినట్టే, రెండు అలలు పోనిచ్చి, మూడో అల వీపు మీద, తెల్లగోడకి ముక్కుసూటిగా బోటు తిప్పాడు. అంత చక్కగా బోటు తెచ్చిన వాణ్ణి పోతురాజు తన జన్మలో చూడలేదు. ఏనుగుబండ మీద అల విరిగింది.

బోటులో నలుగురు. ముగ్గుర్ని తాళ్ళేసి లాగారు. ధనరాజు మూడో రోజున, దక్షిణంగా రెండు రేవుల అవతల ఒడ్డుకొచ్చాడు. సన్మానం పందిరి కిందే ఊరు కూర్చుని ఏడ్చింది.

ఆ తర్వాత ఏడాది పోతురాజు నోరెత్తలేదు. వలల పాకలో సినిమా మాట ఇప్పుడు ఊరే ఎత్తేది. ఆ డైరెక్టరుగాడు మాయమాటలు చెప్పి ముసలాడి చేత సున్నం కొట్టించాడు, ఎందుకో ఏమిటో అడగకుండా కుర్రాణ్ణి పొట్టన పెట్టుకున్నాడు అని గంగరాజు మొదలుకొని అందరూ తిట్టేవారు. పోతురాజు ఐదేళ్ళు అన్న మాటే ఇప్పుడు అందరి మాట అయింది. నువ్వు ముందే సెప్పినావు పోతురాజా అనేవారు. అతను తలొంచుకుని వల అల్లేవాడు. ఉష కూడా తండ్రిని ఒక్క మాట అనలేదు. అడగనోడిదే పాపం నానా, నీదేటుంది అనేది. పొద్దున్నే టీ ఇచ్చేది, భుజానికి నూనె రాసేది. ఆ చేతులు భుజం మీద పడినప్పుడల్లా పోతురాజు పళ్ళు బిగించి కూర్చునేవాడు. చెప్పాలని నోటిదాకా వచ్చేది. ఇవాళ కాదు, రేపు అనుకునేవాడు. అలా నిషేధం వచ్చింది, నిషేధం ముగిసే రోజు కూడా వచ్చింది.

ఆ రోజు పాత గుడి గోడకి ఉష సున్నం కొడుతోంది. భుజం పనికిరాదని తండ్రిని కూర్చోబెట్టి కుంచె తనే తీసుకుంది. సిమెంటు గుడి మీది సున్నం ఎప్పుడో గీకేసి నల్లరంగు పూశారు. ఆ వేళకి త్రినాథ్ మాస్టారు ఒక్కడే వచ్చాడు, ఈసారి విద్యార్థులు లేరు. పోతురాజు పక్కన మెట్టు మీద కూర్చుని చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఫోను బయటికి తీశాడు. డాక్యుమెంటరీ వచ్చిందన్నాడు. బోటు సంగతి ఏమీ పెట్టలేదట, పోయినవాడి మీద గౌరవంతో వదిలేశాడట. ముసలాయన గోడకి సున్నం కొట్టడం, తర్వాత అదే గోడకి బురద కొట్టడం, అంతే ఉందట. ఉమాశంకర్ తీసినవాటిలో ఇదే గొప్పదని అందరూ రాస్తున్నారట. మనం ఇన్నేళ్ళు ఆయన్ని తక్కువ చేశామేమో పోతురాజూ, అసలు అడగనే లేదన్నావు గదా, అడిగాడు, ఇందులో ఉంది అన్నాడు మాస్టారు.

"ఎయ్యకండి మాస్టారూ," అని గొణిగాడు పోతురాజు.

మాస్టారికి సరిగా వినబడలేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాడు. వేలితో తెర నొక్కాడు. ముందు సముద్రం చప్పుడు వచ్చింది. తర్వాత కుంచె గోడ మీద రాసుకునే చప్పుడు. తర్వాత మర్యాదగల ఆ గొంతు, అసలు ఈ సున్నం ఎందుకు కొడతారు అని అడిగింది. కుంచె చప్పుడు ఆగిపోయింది. పోతురాజు కళ్ళు మూసుకున్నాడు.

మొక్కు బాబూ. అమ్మోరికి మొక్కు.

గోడ దగ్గర ఉష చేతిలో కుంచె ఆగింది. సున్నం ఆమె మోచేతి మీదుగా కారి ఇసకలో పడుతోంది. ఆమె వెనక్కి తిరిగి తండ్రిని చూడలేదు. కుంచె బకెట్టులో పెట్టింది. చేతులు చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. నాలుగడుగులు వేసి మాస్టారి ముందుకొచ్చి నిలబడింది.

"ఇంకోపాలి ఎయ్యండి మాస్టారూ," అంది.

మాస్టారు మళ్ళీ వేశాడు.